వినబడినంత దూరం

మా తండాలో తీజ్ పండుగకి మా యాడి పాటలో పేరు రాకపోతే, ఆ ఆడపిల్లకి ఆ ఏడాది పండుగ జరగనట్టే. యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ. ఆమె పేరు సోమ్లి. శ్రావణంలో పెళ్లికాని పిల్లలంతా వెదురు బుట్టల్లో మట్టి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి తొమ్మిది రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తారు. వాళ్లు నీళ్లు పోస్తుంటే పెద్దాడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడతారు. ముందు పాడేది మా యాడి, అందుకునేది మిగతావాళ్లు. ఒక్కో పిల్ల పేరూ, ఆమె అన్నదమ్ముల పేర్లూ, ఆ ఏడాది ఆమె వెలగబెట్టిన ఘనకార్యాలూ అప్పటికప్పుడు పాటలో అల్లేది. పదో తరగతి తప్పినవాళ్లను కూడా వదిలేది కాదు. వెక్కిరించినా సరే, పేరు మాత్రం రావాలి. ఒకసారి కూతురి పేరు మరిచిపోయిందని మా మేనత్త రెండేళ్లు మా గడప తొక్కలేదు.

నా పెళ్లికి ముందు, నా ఆఖరి తీజ్‌లో నా మీద కట్టిన పాదం నాకింకా గుర్తుంది. శ్రావణి సూది పొడిస్తే నొప్పే తెలియదట, మాట అంటే మాత్రం వారం దాకా మానదట. అందరూ పడీ పడీ నవ్వారు. నేను అలిగి బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లిపోయాను. నాది ముక్కు మీది కోపం. బూర్గంపాడు సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సుని నేను. నా కోపం సంగతి అక్కడికి వచ్చే పేషెంట్లందరికీ తెలుసు.

2006 మార్చిలో యాడికి గొంతు దగ్గర గడ్డకి ఆపరేషన్ అయింది. గొంతు తగ్గవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణం కంటే పాట ఎక్కువా అని ఇంట్లో అందరి నోళ్లూ మూయించి కాగితం మీద సంతకం పెట్టింది నేనే. ప్రాణం నిలబడింది. గొంతు మాత్రం పక్కన కూర్చున్నవాళ్లకు తప్ప వినబడకుండా పోయింది. ఆ ఆగస్టులో గోదావరి పొంగింది. నేను వరద డ్యూటీలో ఉండిపోయి తీజ్ ఆఖరి రోజుకి మాత్రం తండాకి చేరాను. మంచె దగ్గర టేప్ రికార్డర్‌లో ఎవరివో పాటలు మోగుతున్నాయి. పిల్లలు నీళ్లు పోస్తున్నారు. యాడి వంటింట్లో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

మరుసటి ఏడాది మోతీకి ఆఖరి తీజ్. మోతీ మా బాబాయి కూతురు. పురిట్లోనే తల్లిని పోగొట్టుకుని యాడి చేతుల్లో పెరిగింది, యాడినే యాడీ అని పిలుస్తుంది. దసరా తర్వాత పెళ్లి ఖాయమైంది. పెళ్లయితే ఇక బుట్ట పట్టడానికి ఉండదు. జూలైలో ఒక ఆదివారం నేను తండాకి వెళ్లినప్పుడు మోతీ యాడికి తల దువ్వుతూ మెల్లగా అడిగింది.

"పాట వద్దు యాడీ. ఆఖరి రోజు నా పేరొక్కటి అను. చాలు."

నా గొంతు నీ దాకానే వస్తది, తండా దాకా రాదు అంది యాడి. అది కూడా దువ్వెన ఆపితే తప్ప వినబడలేదు. వినాల్సింది తండా. యాడి నోటి నుంచి పేరు బయటికి రావాలి, తండా అందుకుని పాడాలి, అప్పుడే ఆ పిల్లని ఊరంతా కలిసి సాగనంపినట్టు. ఆపరేషన్ కాగితం మీద నా సంతకం కళ్లముందు ఆడింది. ఎలాగైనా సరే యాడి చేత పాడిస్తానని మనసులో గట్టిగా అనుకున్నాను.

నాకు గిటార్ వచ్చు. నర్సింగ్ ట్రైనింగ్‌లో మా హాస్టల్ వార్డెన్ ఒక మలయాళీ సిస్టర్, ఆమె నేర్పింది. తర్వాత పాల్వంచ థర్మల్ కాలనీలో ఆర్కెస్ట్రా నడిపే ఆయనకి బదిలీ అయితే, ఆయన ఎలక్ట్రిక్ గిటార్ నేను కొనుక్కున్నాను. దానికి ఆంప్లిఫయర్ లేదు. రెండేళ్లుగా తీగలు ఉత్తినే మీటుకుంటూ, ఎవరికీ వినబడని సంగీతం నేనొక్కదాన్నే వింటూ ఉండేదాన్ని. మంచి ఆంప్లిఫయర్ కొంటే, ఆ గిటార్ అండతో యాడి గొంతు లేస్తుందని లెక్కేసుకున్నాను. ఆ లెక్కలో యాడి గొంతు ఎంత, గిటార్ మోత ఎంత అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. జీతం అరియర్స్ చేతికి రాగానే మా తమ్ముడు రవికుమార్‌ని వెంటబెట్టుకుని విజయవాడ బస్సెక్కాను. వాడు థర్మల్‌లో కాంట్రాక్టు పని చేస్తూ కాలనీలోనే ఒక ఫ్రెండ్ క్వార్టర్‌లో ఉంటాడు.

షాపులో కుర్రాడు ఏ టైపు మ్యూజిక్ మేడమ్ అని అడిగాడు. తీజ్ అన్నాను. అదేంటో అతనికి తెలియలేదు గానీ తెలిసినట్టే తలూపి, నడుమెత్తు ఉన్న నల్లటి ఆంప్లిఫయర్ ఒకటి ఆన్ చేశాడు. ఒక్క తీగ మీటితే షాపు అద్దాలు ఝల్లుమన్నాయి. దాని ముందు ఎఫెక్టుల పెట్టె ఒకటి పెట్టాడు. కాలితో ఒక్కో బటన్ తొక్కుతుంటే ఒక్కో సౌండు. ఒకటి గుహలో వాయించినట్టు, ఒకటి నీళ్లలో వాయించినట్టు. ఒకటో నంబరు మాత్రం గూడ్స్ బండి మన మీదికే వస్తున్నట్టు ఉంది. అదే డిస్టార్షన్, కుర్రాళ్లందరూ దీని కోసమే వస్తారన్నాడు. మా రవి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. నేనూ అంతే. మూలన చిన్న ఆంప్లిఫయర్ ఒకటుంది. దాంట్లో గిటార్‌తో పాటు మైకు కూడా పెట్టుకోవచ్చు, ధర సగమే అని ఆ కుర్రాడే చెప్పాడు పాపం. దాని వైపు నేను సరిగా చూడనైనా లేదు. మైకు సంగతి తండాలో పాత మైక్ సెట్టు ఉందిగా, అది చూసుకుంటుందిలే అన్నాడు రవి. సరేనన్నాను.

కాలనీ క్వార్టర్‌లో పెట్టి మూడు సాయంత్రాలు వాయించి చూశాం. అద్భుతం. పక్క క్వార్టర్ల వాళ్లు వచ్చి విన్నారు. కరెంటు తయారయ్యే చోటు అది. ఆ కాలనీలో లైటు ఒకసారి మిణుకుమంటే పేపర్లో వేయాలి. మేము చేసిన తప్పు అదే. మా వాకిట్లో నిలబడితే ఆ థర్మల్ చిమ్నీలు కనబడతాయి, అంత దగ్గర మా తండా. కానీ మాకు కరెంటు వచ్చే దారి వేరు, వచ్చే కరెంటు వేరు. బల్బు ఎర్రబడితే బోరు మోటార్లు ఆన్ అయ్యాయని కళ్లు మూసుకుని చెప్పగలిగేంత కాలం ఆ తండాలో బతికినదాన్ని. మూడు సాయంత్రాలు కాలనీ లైట్ల కింద కూర్చునేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

తీజ్ మొదలైన రోజు సాయంత్రం మంచె పక్కన ఆంప్లిఫయర్ పెట్టాం. తండా అంతా చుట్టూ చేరింది. యాడిని బతిమాలి, కోప్పడి, చివరికి ఏడిచి, తీసుకొచ్చి పాత మైకు ముందు నిలబెట్టాను. నేను మెత్తటి సౌండు ఒకటి పెట్టుకుని తీగలు మీటాను. యాడి కళ్లు మూసుకుని మొదటి మాట అంది. సరిగ్గా అప్పుడే చేలకి త్రీ ఫేజ్ కరెంటు ఇచ్చారు. వానలు ఎగ్గొట్టిన ఏడాది, చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారే లేచాయి. మంచె మీది ట్యూబులైటు టపటపలాడింది. ఎఫెక్టుల పెట్టె ఆరిపోయి మళ్లీ వెలిగింది. అది వెలిగిన ప్రతిసారీ ఒకటో నంబరుకే వెళ్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. గూడ్స్ బండి యాడి పాట మీద నుంచి వెళ్లిపోయింది. నీళ్లు పోస్తున్న పిల్లలు బిందెలు వదిలేసి చెవులు మూసుకున్నారు. కుక్కలు మొరిగాయి. చిన్నపిల్లలు నవ్వారు, కొంతమంది పెద్దవాళ్లూ నవ్వారు. నేను కంగారులో తప్పు బటన్ తొక్కాను. ఆంప్లిఫయర్ గుర్రుమని రెండుసార్లు దగ్గి చల్లబడిపోయింది. యాడి అప్పటికే కొంగు ముఖం మీదికి లాక్కుని ఇంటివైపు నడుస్తోంది.

నేను వెనకాల పరిగెత్తాను. గుమ్మంలో ఆగి, నా వైపు తిరగకుండానే ఒక మాట అంది. చిన్న గొంతే. కానీ ప్రతి అక్షరం వినబడింది.

"నా గొంతు ఎంత పోయిందో నాకూ డాక్టరుకీ తెలుసు. ఇవాళ తండా అంతటికీ చెప్పావు బిడ్డా."

నేను మంచె దగ్గరికి తిరిగొచ్చి వైర్లు చుట్టాను.

రెండో రోజు డ్యూటీలో ఉన్నాను గానీ మనసు మనసులో లేదు. దవాఖానా ఎదురుగా పగిడయ్య మైక్ సెట్ దుకాణం ఉంది. అరవై దగ్గర పడిన మనిషి, కోయ తెగ ఆయన. సొంతూరు అడవి వైపు. పోలియో చుక్కల రోజు, దోమతెరలు పంచే రోజు మా దవాఖానా తరఫున జీపులో ఊరూరా తిరిగి చెప్పేది ఆయనే. మధ్యాహ్నం ఆయన దగ్గరికి వెళ్లి, పెద్ద ఆంప్లిఫయర్‌కి సరిపడే స్టెబిలైజర్ కావాలన్నాను. ఆయన చేతిలో పని ఆపకుండా, ఏం వాయిస్తావు, యాడ వాయిస్తావు, ఎందుకు వాయిస్తావు అని ఒక్కొక్కటే అడిగాడు. నేను విసుక్కుంటూ మొత్తం చెప్పాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"ఎవల మాట వినబడాలె సిస్టరమ్మా? గిటార్‌దా, మీ అమ్మదా?"

నాకు కోపం వచ్చింది. స్టెబిలైజర్ ఉంటే ఇవ్వు, లేకపోతే లేదని చెప్పు కాకా, నాకు పాఠాలు వద్దు అన్నాను. దవాఖానాలో అయితే ఆ గొంతుకి వరండా అంతా ఖాళీ అయ్యేది. పగిడయ్య మాత్రం స్టూలు నా వైపు జరిపి, టీకి చెప్పి, పోయినేటి వరద సంగతి ఎత్తుకున్నాడు.

గోదావరి పెరుగుతున్నప్పుడు ఒడ్డున ఉన్న గూడేలను ఖాళీ చేయమని చెప్పే పని ఆయనకే అప్పగించారట. జీపు మీద రెండు హారన్ స్పీకర్లు కట్టాడు. మాట గంభీరంగా ఉండాలని మైకుకి ఎకో కూడా పెట్టాడు, కొత్తగా కొన్న మిషను. తన పెద్దమ్మ ఉండే గూడెం పక్కనుంచి కూడా రెండుసార్లు తిరిగి అరిచి వచ్చాడు. ఆ గూడెంవాళ్లకి సౌండు వినబడింది, మాట అర్థం కాలేదు. సినిమా బండి అనుకుని ఎవరి పనుల్లో వాళ్లున్నారు. నీళ్లు వాకిట్లోకి వచ్చాక గానీ కదలలేదు. పడవలు వచ్చి మనుషులందరినీ ఒడ్డుకి చేర్చాయి. పగిడయ్య పెద్దమ్మ మేకలు మాత్రం ఎనిమిదీ కట్టుకొయ్యకే పోయాయి.

"నా సౌండు నాకే ముద్దొచ్చింది బిడ్డా. అవతల మనిషికి అర్థమైతందా లేదా అని నేను చూడలే. ఆ గుంజల కాడ మా పెద్దమ్మ కూసుని ఏడుస్తాంటె, గప్పుడు తెలిసింది," అన్నాడు.

అప్పటి నుంచి ఆయనకి ఒక అలవాటు. ఎక్కడ మైకు కట్టినా, ఎవరి చేతనో మాట్లాడిస్తూ తను అటు తిరిగి నడుస్తాడు. వెనక్కి చూడడు. మాట స్పష్టంగా తెలిసినంత దూరం పోయి, ఇక తెలియని చోట ఆగి ఒక వేపకొమ్మ గుచ్చి వస్తాడు. ఆ కొమ్మ తను అనుకున్నంత దూరం పోకపోతే మళ్లీ అన్నీ విప్పి మొదటి నుంచి కడతాడు. సౌండుకి కాదు, మాటకి కొమ్మ అంటాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని నేను సిగ్గుతో తల దించుకున్నాను. గూడ్స్ బండి సౌండు నాకూ అలాగే ముద్దొచ్చింది మరి.

ఆ సాయంత్రం డ్యూటీ అయిపోయాక గిటార్ తెప్పించుకుని ఆయన దుకాణంలో కూర్చున్నాను. మొదట కరెంటు మాటే మరిచిపొమ్మన్నాడు. జీపు మీద పెట్టే బ్యాటరీ ఆంప్లిఫయర్ కిందికి దించాడు. దుమ్ము పట్టిన చిన్న ఇనప డబ్బా, లారీ బ్యాటరీ మీద నడుస్తుంది. మోటార్లు వేసుకున్నా, ఫీజు ఎగిరిపోయినా దానికి పట్టదు. దానికి రెండు మైకులు పెట్టే చోట్లున్నాయి. ఒకటి మీ అమ్మకి, ఒకటి నీకు అన్నాడు. హారన్ వద్దన్నాడు, గొంతు గీసుకుపోతుందట. నాటకాలవాళ్లు అమ్మేసిన చెక్క డబ్బా స్పీకరు ఒకటి అటక మీంచి దించి తగిలించాడు. అందులో గిటార్ నేరుగా పెడితే పీలగా, రెండు రోజులు అన్నం తిననట్టు వచ్చింది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. వరదప్పుడు వాడిన ఎకో మిషను పాడైపోతే దాని బదులు వాయిద్యాలవాళ్ల కోసం కొన్న చిన్న పెడల్ ఒకటి సొరుగులోంచి తీసి మధ్యలో పెట్టాడు. చిన్న బ్యాటరీతో నడిచే పెడల్ అది, ఒక్కటే పని, వాయించిన దాన్ని మెల్లగా మరోసారి అనడం. గిటార్ దాని గుండా వెళ్లేసరికి కండ పట్టింది. తీగ మీటి వదిలేస్తే ఆ శబ్దం నిదానంగా వెళ్లి నిదానంగా వచ్చింది.

నేను సంబరపడి ఆ ఎకో యాడి మైకుకి కూడా పెడదామన్నాను. పగిడయ్య ముఖం మారిపోయింది.

"మాటకి పెట్టొద్దు. తీగెకి పెట్టుకో ఎంతన్న," అన్నాడు.

తర్వాత నన్ను గిటార్ వాయిస్తూ పేర్లు చదవమన్నాడు. మా దవాఖానా స్టాఫ్ పేర్లన్నీ మెల్లగా, యాడి గొంతంత చిన్నగా అన్నాను. ఆయన అటు తిరిగి రోడ్డు మీద నడిచాడు. పది అంగల్లో వెనక్కి వచ్చి, గిటార్ తగ్గించమన్నాడు. మళ్లీ ఇరవై అంగల్లో వచ్చాడు. ఆరు తీగలూ ఎందుకు, ఎన్ని తీసేస్తే పాట ఆగదో అన్నీ తీసెయ్ అన్నాడు. అలా తీసుకుంటూ పోగా చివరికి రెండు మోటు తీగలు మిగిలాయి. యాడి గొంతు ఇప్పుడు పూర్వం కన్నా కింద పడింది గనక ఆ తీగల శ్రుతి కూడా కిందికి దించాను. అప్పుడు పగిడయ్య బస్టాండు మలుపు దాకా పోయి కొమ్మ గుచ్చి వచ్చాడు. నేను చదివిన పేర్లన్నీ వరసగా ఒప్పజెప్పాడు. విజయవాడలో అంత పెద్ద షాపులో నన్నెవరూ అడగని ప్రశ్నలు ఆ ఇరుకు కొట్లో ఆయన అడిగాడు. ఆ రోజు ఇంటికి పోతూ బస్సులో ఆయన్ని తలుచుకుని కళ్లు తుడుచుకున్నాను.

అంతా కుదిరింది గానీ అసలు మనిషి కుదరాలి కదా. యాడి మంచె వైపే రావడం మానేసింది. ఆరో రోజు నేను సెలవు పెట్టాను. పగిడయ్య మోపెడ్ మీద బ్యాటరీ, డబ్బా కట్టుకుని మా తండాకి వచ్చాడు. మా వాకిట్లోనే తీగలు కలిపాడు. యాడి లోపలి నుంచి తొంగి చూసి మళ్లీ వెళ్లిపోయింది. ఆయన తొందరపడలేదు. నీళ్లడిగి తాగాడు, మేకల గురించి మాట్లాడాడు, మా గేదె కుంటుతోందని కనిపెట్టాడు. గేదె మాట వచ్చేసరికి యాడి బయటికి వచ్చింది. అప్పుడు మైకు ఆమె చేతికిచ్చి, ఏదో మామూలు పని చెప్పినట్టు చెప్పాడు.

"పాడొద్దు అక్కా. అన్నం యాళ్లయింది. పిల్లని పిలువు."

మోతీ పత్తిచేను అవతల గట్టు మీద గడ్డి కోస్తోంది. ఆకుపచ్చ ఓణీ ఒక్కటే కనబడుతోంది. యాడి మైకు వైపు అనుమానంగా చూసి, నోటి దగ్గర పెట్టుకుని, దువ్వెన ఆపితే తప్ప వినబడని ఆ గొంతుతోనే "మోతీ" అంది. చేను అవతల ఆకుపచ్చ ఓణీ లేచి నిలబడింది. కొడవలి చేత్తో పట్టుకుని ఇటు చూసింది. తర్వాత గడ్డిమోపు అక్కడే వదిలేసి ఇంటివైపు నడవడం మొదలుపెట్టింది. ఏడాదిన్నరగా పిల్లని పిలవాలంటే యాడి గట్టు దాకా నడిచి వెళ్లి భుజం తట్టేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నర్సునై ఉండి ఆ సంగతి నేను ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. యాడి మరోసారి పిలిచింది. వస్తున్న పిల్లనే మళ్లీ పిలిచింది, ఊరికే, వినబడుతోంది గనక. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. పగిడయ్య ఏమీ చూడనట్టు బ్యాటరీ వైర్లు సర్దాడు.

ఏడో రోజూ ఎనిమిదో రోజూ యాడి తలుపు వేసుకుని లోపల ఏదో గొణుక్కుంటూనే ఉంది. మోతీ గురించి పాదాలు కడుతోందని మా ఇంట్లో అందరికీ తెలుసు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. బ్యాటరీ, డబ్బా, పెడల్ అన్నీ మా దగ్గరే ఉంచి వెళ్లాడు పగిడయ్య. కిరాయి మాట ఎత్తితే, నీ చేతి సూదులు ఎన్ని పొడిపించుకున్న, గప్పుడు నేనేమన్న ఇచ్చిన్నా అన్నాడు. ఆఖరి రోజుకి మాత్రం తప్పకుండా వస్తానన్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బుట్టలన్నీ మంచె మీంచి దించారు. జానెడు ఎత్తు మొలకలు, పచ్చగా. మొదటి రోజు నవ్వినవాళ్లందరూ ఇవాళ ఏమవుతుందో అని ముందు వరసలో నిలబడ్డారు. నేను గిటార్ మెడలో వేసుకుని రెండు తీగల మీద చెయ్యి పెట్టాను. రవి బ్యాటరీ పక్కన కాపలా కూర్చున్నాడు. పగిడయ్య నా పక్క నుంచి పోతూ, తీగె మెల్లగ, మెల్లగ అని, వేపకొమ్మ ఒకటి విరుచుకుని, అటు తిరిగి రోడ్డువైపు నడక మొదలుపెట్టాడు.

యాడి వచ్చింది. అద్దాల పైట తలమీదికి లాక్కుని, మైకు పెదవులకు ఆనించుకుని పాట ఎత్తుకుంది. అది ఆమె పాత గొంతు కాదు. పాత గొంతు చేల మీదుగా దూసుకుపోయేది. ఇది కింది గొంతు, కొంచెం గాలి కలిసిన గొంతు. పక్కన కూర్చుని మనకొక్కరికే చెబుతున్నట్టు ఉంది, అలా తండాలో ఒక్కొక్కరికీ విడివిడిగా వినబడింది. మొదటి పాదం అవగానే ఆడవాళ్లు అందుకోవడం మరిచిపోయి నిలబడిపోయారు. యాడి ఆగి, చిటికె వేసింది. అప్పుడు అందరూ ఒక్కసారి అందుకున్నారు. నా రెండు తీగలు కింద మెల్లగా నడుస్తున్నాయి, పెడల్ వాటిని మెల్లగా మళ్లీ అంటోంది. నేను ఎప్పుడూ అంత తక్కువ వాయించలేదు, ఎప్పుడూ అంత బాగా వాయించలేదు.

ఒక్కో పిల్ల పేరూ వచ్చింది. పోయినేడు పేరు రాకుండా పెళ్లయిపోయిన ఇద్దరి పేర్లు కూడా కలిపింది. చివరికి మోతీ. తల్లి పాలు దొరక్కపోతే తండా అంతా తిరిగి పాలు తాగిన పిల్ల, ఇంటింటికీ ఒక తల్లి ఉన్న పిల్ల, నువ్వు ఏ గుమ్మంలోంచి అత్తారింటికి పోతావే, అన్ని గుమ్మాలూ ఏడుస్తాయే అని పాడింది. ఆడవాళ్లు "మోతీ, మోతీ" అని అందుకుంటుంటే, నిజంగానే దానికి పాలిచ్చిన ముసలావిడ ఒకామె ముందుకొచ్చి దాని తల నిమిరింది. బుట్ట నెత్తిన పెట్టుకున్న మోతీ కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే ఏడుస్తూ నిలబడింది. నా మీద కూడా ఒక పాదం పడింది. శ్రావణి కోపం ఈసారి కరెంటు తీగని కూడా కాల్చేసిందట. అందరూ నవ్వారు. ఈసారి నేను అలగలేదు.

పాట అయిపోయిందనుకుని నేను తీగల మీంచి చెయ్యి తీయబోయాను. యాడి వద్దని సైగ చేసింది. ఇంకొక పాదం ఎత్తుకుంది. మా వాళ్లు కాని మనిషి పేరు మా తీజ్ పాటలో రావడం నేనెప్పుడూ వినలేదు. పోయిన గొంతుని మోపెడ్ మీద కట్టుకుని తెచ్చినవాడా, నా బిడ్డని నాతో పిలిపించినవాడా, పగిడయ్యా, నువ్వు నాకు తమ్ముడివి, ఈ మొలక నీ తలపాగాలో పెడతాను అని పాడింది. మాలో తీజ్ మొలకలు తలపాగాలో పెట్టేది అన్నదమ్ములకే. మోతీ పేరంత గట్టిగానే ఆయన పేరుని అందుకున్నారు ఆడవాళ్లు. నేను రోడ్డువైపు చూశాను. కల్వర్టు దాకా పగిడయ్య ఎక్కడా కనబడలేదు.

మొలకలు వాగులో కలిపి వచ్చేసరికి పగిడయ్య మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కొమ్మ లేదు. ఎంత దూరం పోయింది కాకా అని అడిగాను. ఆయన తలకి చుట్టిన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, మళ్లీ ముఖం తుడుచుకున్నాడు.

"మీ భాష నాకు రాదు బిడ్డా. యాడ ఆగాలెనో తెల్వక పోతనే ఉన్న. మెయిన్ రోడ్డు ఎక్కినంక ఒక్క మాట అర్థమయింది. నా పేరు."

యాడి దాచి ఉంచిన మొలకలు తెచ్చి ఆయన మళ్లీ తలకి చుట్టుకున్న తువ్వాలులో దోపింది.

ఆ పెద్ద ఆంప్లిఫయర్‌ని కాలనీ ఆర్కెస్ట్రావాళ్లు సంతోషంగా పట్టుకెళ్లారు, అక్కడ దానికి సరిపోయే కరెంటు ఉంది. ఎఫెక్టుల పెట్టె కూడా వాళ్లకే ఇచ్చేశాను. పగిడయ్య చేతనే వెతికించి అలాంటి బ్యాటరీ డబ్బా ఒకటి, చెక్క స్పీకరు ఒకటి నాకని కట్టించుకున్నాను.

పండుగ మరునాడు పొద్దున్నే డ్యూటీకి బస్సెక్కాను. మెయిన్ రోడ్డు మీద, మా తండా దారి కలిసే చోటు దాటాక, కిలోమీటరు రాయి పక్కన వేపకొమ్మ గుచ్చి ఉంది. ఆకులు అప్పుడే వాడుతున్నాయి. యాడి గొంతు అక్కడి దాకా వచ్చింది. నేను బస్సులో లేచి నిలబడి రెండు చేతులూ జోడించాను. కండక్టరు అటు వంగి చూసి, ఆడ గుడి ఏం లేదు గదా సిస్టర్ అన్నాడు.

అవ్, లేదన్నాను. చేతులు మాత్రం దించలేదు.